మా గల్లీ మోరీ ఇంజనీరు

టవల్ అంచు సగంలో ఉండగా ఫోను మోగింది. కుంభారి నుంచి ఆయన భార్య.

"టీచరమ్మా, మీ అన్న పోయిండు. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీల కూసున్నడు. కూసున్నోడు కూసున్నట్టే ఉన్నడు" అంది.

నేనేమన్నానో గుర్తు లేదు. ఫోను పక్కన పెట్టి మిగిలిన అంచు కుట్టాను. వంకర పోయింది. విప్పి మళ్ళీ కుట్టాను. అప్పుడు లేచి చీర మార్చుకుని బస్సెక్కాను.

మా గల్లీ నుంచి ఇంకెవరూ రాలేదు. మా నీలం నగర్ నుంచి కుంభారి ఏమంత దూరం? బస్సు ఉంది, ఇంటికో బండి ఉంది. పెళ్ళి భోజనమంటే జిల్లా దాటి పోయేవాళ్ళు, పుట్టినప్పటి నుంచి తమ మధ్య తిరిగిన మనిషిని ఆఖరుసారి చూడటానికి రాలేకపోయారు. నాకు కోపం వచ్చింది. ఇంకా పోలేదు. ఈ నాలుగు మాటలు ఆ కోపంతోనే రాస్తున్నాను కాబట్టి, ఎక్కడైనా నోరు జారితే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

నాకు వరసకే అన్న, ఉండింది మా వెనక గల్లీలో. ఆయనకు మా వాళ్ళు పెట్టిన పేరు మోరీ ఇంజనీరు. మోరీ అంటే మురుగు కాలువ. వెక్కిరించడానికి పెట్టిన పేరే. అసలు పేరుతో పిలిచింది తల్లి ఒక్కతే, ఆమె పోయాక ఆ పేరు రేషన్ కార్డులో మిగిలింది. ఆయన మాత్రం వెక్కిరింపును బిరుదు కింద పుచ్చుకున్నాడు. మేముండేది మరాఠీ ఊరు కాబట్టి, ఫోనులో ఎవరైనా ఎవరని అడిగితే మరాఠీలో దర్జాగా "మోరీ ఇంజనీర్ బోల్తోయ్", అంటే మాట్లాడుతున్నానని, అనేవాడు. అవతలివాడు నవ్వితే ఇంకోసారి చెప్పేవాడు.

నెమ్మదైన మనిషేం కాదు. గొప్పలు చెప్పుకునేవాడు, ఊరికే పోట్లాడేవాడు. మగ్గం మీద కూర్చోమని తండ్రి ఎంత చెప్పినా వినకుండా సివిల్ డిప్లొమా చదివాడు. చదివి ఏదో ఒక కాంట్రాక్టరు దగ్గర పనికి కుదరడం, ఆ కాంట్రాక్టరుతో తగువు పెట్టుకుని తిరిగి రావడం, చాలా ఏళ్ళు ఇదే ఆయన ఉద్యోగం. ఇల్లు గడిచింది భార్య బీడీలతో. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే, "నా డిప్లొమాకు సరిపోయే పని ఈ ఊళ్ళె పుట్టలె" అనేవాడు.

పుట్టింది చివరికి. నేల కింద ఏముంది, నేల మీద ఏముంది, అన్నీ లెక్క తీసి ఊరి నక్షా మీద, అంటే పటం మీద, ఎక్కించే పని. నల్లా పైపులు, వాటి వాల్వులు, మోరీలు, మోరీ మూతలు, కరెంటు స్తంభాలు, ఒక్కొక్కటీ నడిచి చూసి, ఫోటో తీసి, పసుపు రంగుతో నంబరు వేయాలి. ఏదో ఏజెన్సీ ఆ కాంట్రాక్టు పట్టి ఈయన్ను పెట్టుకుంది. అదే పనికి పెట్టుకున్న మిగతా కుర్రాళ్ళు చాయ్ హోటల్లో కూర్చుని, దారిన పోయేవాళ్ళను అడిగి, ఫోనులో నింపేసుకునేవారు. ఈయన మాత్రం నడిచేవాడు.

ఆ నడక చూడాలి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. మోరీ మూతలెత్తే పనికి తెల్ల చొక్కా ఏమిటని నేనడిగాను. "ఆఫీసర్ లెక్క కనబడకపోతే తలుపు తియ్యరు టీచరమ్మా" అన్నాడు. సాయంత్రం ఆ చొక్కా నానబెడుతూ భార్య తిట్టే తిట్లు వెనక గల్లీ నుంచి మా వంటింట్లోకి వినిపించేవి. చేతిలో ఇనప కొక్కెం. దాంతో మూత మీద కొట్టి, తల వంచి, చెవి పెట్టి వినేవాడు. లోపల ఖాళీనా, పూడిందా, నీళ్ళు నడుస్తున్నాయా అని. వింటున్నప్పుడు ఎవరైనా పలకరిస్తే చెయ్యెత్తి ఆపేవాడు, ప్రధానమంత్రి పలకరించినా ఆపేవాడేమో.

నోట్లో ఒకటే మాట. "చెప్పకు, చూపెట్టు."

మా గల్లీ మొదట్లో ఉండే ముసలాయన ఒకసారి అరుగు మీది నుంచే చెయ్యి చాపి, "గా స్తంభం కింద నల్లా వాల్ ఉన్నది బిడ్డా, నా పెండ్లప్పుడు పెట్టిన్రు" అన్నాడు.

"చెప్పకు తాతా, చూపెట్టు."

"అరే, నా మాట మీద నమ్మకం లేదా?"

"నమ్మకం ఉంది తాతా. వాల్ ఉందా లేదా, గదొక్కటి చూడాలె."

ముసలాయన కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. తవ్వారు. అక్కడ ఎవరో పాతేసిన రుబ్బురోలు బయటపడింది. ముసలాయన చాలా రోజులు ఈయనతో మాట్లాడలేదు. ఈయన కూడా ఊరుకున్నాడా, కనబడినప్పుడల్లా "తాతా, ఇంక ఏమేం పెట్టిన్రు నీ పెండ్లప్పుడు?" అని అడిగేవాడు.

ఈ చూపెట్టు జబ్బు పనితో ఆగలేదు. పెళ్ళిచూపుల గురించి మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరి, పిల్లవాడి ఉద్యోగం చెప్పొద్దు, చూపెట్టమనేవాడు. దారి చెప్పేవాళ్ళు స్తంభం దగ్గర కుడికి తిరగమంటే ఏ స్తంభమని ప్రాణం తీసేవాడు. ఎవరింటికి వెళ్ళినా నీళ్ళిస్తే తాగే ముందు "ఇది ఏ లైన్ నల్లా?" అని అడిగేవాడు. మా మేనకోడలి పెళ్ళిలో సరిగ్గా భోజనాల వేళకు పందిరి ముందున్న మోరీ మూత ఎత్తాడు. పంక్తిలో సగం మంది ముక్కు మూసుకుని లేచారు. మా వదిన చేతిలోని గరిటె ఎత్తింది. ఆయన ఆ గరిటె వైపు కూడా చూడలేదు. "వదినా, మూత కింద రెండు పైపులున్నయ్. కాగితంల ఒక్కటే ఉంది" అన్నాడు సంబరంగా. అంత సంబరం నేను పెళ్ళికొడుకు ముఖంలో కూడా చూడలేదు.

ఒక రోజు మా కిటికీ దగ్గర నిలబడి ఉండగా నేనే అడిగాను, మునిసిపాలిటీ ఆఫీసులో పాత నక్షా ఉంది కదా, దాన్ని దించుకుంటే పోదా అని. నేను తెలుగు బడిలో టీచరుగా ఉన్నదాన్ని. పిల్లలు లేక బడి మూసేశాక ఇలా టవళ్ళకు అంచులు కుట్టుకుంటున్నాను. అడిగే అలవాటు మాత్రం పోలేదు.

"కాగితం మీద గల్లీ గీత గీసినట్టు ఉంటది టీచరమ్మా. మనుషులు గీత లెక్క ఉంటరా? గోడ ముందుకు జరుపుతరు. పైపు వంకర తిప్పుతరు. మూత మీద బండ పరుస్తరు. గవన్నీ కాగితానికి ఎవలు చెప్పాలె?"

ఎక్కడో కాదు, మా గల్లీనే దానికి సాక్ష్యం. అది చెప్పకపోతే ఆయన కథ అర్థం కాదు.

మా గల్లీలో ఒకప్పుడు మోరీ ఎడమ పక్కన, నల్లా పైపు కుడి పక్కన ఉండేవి. మాది కుడి పక్క ఇల్లు. ఎడమ పక్క వాళ్ళవి అన్నీ మగ్గాల ఇళ్ళు. కింద పవర్‌లూమ్ షెడ్డు, పైన కాపురం. పెద్ద చద్దర్లు నేసే వెడల్పు మగ్గాలు వచ్చినప్పుడు అవి షెడ్డులో పట్టలేదు. గోడ కొంచెం ముందుకు జరిపితే పడతాయి. ముందు మోరీ ఉంది. మోరీనే జరిపితే పోలేదా అనుకున్నారు. శ్రావణ పున్నమికి మా కులదైవం మార్కండేయుడి రథం తిరిగే రోజుల్లో మగ్గాలన్నీ బంద్, ఆఫీసులూ బంద్, మగవాళ్ళందరూ ఖాళీ. చేతులు చేతులు కలిపి గల్లీ తవ్వారు. సిమెంటు పైపులు తెచ్చి మోరీని కుడి పక్కకు తిప్పేశారు, నల్లా పైపు నెత్తి మీద. ఎడమ నుంచి కుడికి అది దాటేది మా ఎదురింటి రాజేశం షెడ్డు మూలన. ఆ మూల ఇప్పుడు గోడ లోపల, మగ్గం కింద ఉంది. కొత్త మోరీకి కొబ్బరికాయ కూడా కొట్టారు. మా పక్కకు కంపు తెచ్చి పెట్టి, కొబ్బరి ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆఫీసుకు ఎవరూ చెప్పలేదు. నక్షాలో మోరీ ఈనాటికీ ఎడమ పక్కనే ఉంది.

నడిచి నడిచి మోరీ ఇంజనీరు చివరికి మా గల్లీకే వచ్చాడు. మూతలు ఎక్కడివక్కడ కనబడక, మోరీ దారి తెలుసుకోవడానికి తనదైన పద్ధతి ఒకటి మొదలుపెట్టాడు. పక్క సందులో నూలుకు రంగులద్దే కార్ఖానా ఉంది. అక్కడ తొట్టి అడుగున మిగిలిన ఎర్ర రంగు బకెట్‌తో తెచ్చి గల్లీ మొదట్లో మోరీలో పోస్తాడు. అది ఎక్కడెక్కడ తేలితే మోరీ అక్కడికి పోతుందన్నమాట. గడపల్లో కూర్చుని బీడీలు చేసే ఆడవాళ్ళందరూ ఆయనకు కాపలా. చేతులు ఆకు చుడుతూనే ఉంటాయి, కళ్ళు మోరీ మీద.

"సుజాతా, ఎర్రది కనబడితే పిలువు" అన్నాడు రాజేశం భార్యతో.

"పచ్చది కనబడితే పిలువొద్దా కాకా?" అంది సుజాత. గడపల్లో ఉన్న ఆడవాళ్ళందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. పనిలో ఉన్నప్పుడు నవ్వడు.

ఆ రోజు గల్లీ చివర పెద్ద నాలాలో ఎరుపు తేలాలి. తేలలేదు. వెలిసిన గులాబీ చాయ కొంచెం కనబడిందంతే. బకెట్లకు బకెట్లు పోసిన రంగు ఎటు పోయింది? సాయంత్రం దాకా కొక్కెం పట్టుకుని గల్లీలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగాడు. రాజేశం షెడ్డు దగ్గర ఆగి గోడకు చెవి పెట్టాడు. లోపల మగ్గాల చప్పుడు తప్ప ఏం వినబడుతుంది.

మాకు నల్లా రోజూ రాదు. నాలుగైదు రోజులకు ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపుకుంటాం. ఆ మర్నాడు వచ్చింది. స్టీలు బిందెలో చూస్తే నీళ్ళు లేత ఎరుపు. నేను కేకేశాను. ఆయన వచ్చి గ్లాసుతో ముంచి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టాడు.

"దొరికింది" అన్నాడు.

ఆ ముఖంలో ఆనందం ఇంకా నా కళ్ళముందు ఉంది. అంతలోనే పక్కకు చూశాడు. రాజేశం కూతురు సింధు మా ఇంట్లోనే ఉంది. బడి పోయినా ఆ పిల్లకు తెలుగు అక్షరాలు నేను నేర్పుతున్నాను, రోజూ మిషను పక్కన కూర్చుని రాసేది. మా నల్లా కింద గ్లాసు పెట్టి పట్టుకుని, తాగబోతోంది. ఆయన ఒక్క అంగలో వెళ్ళి గ్లాసు లాక్కుని పారబోశాడు. పిల్ల బిత్తరపోయింది.

"మోరీల పోసింది నల్లాల వచ్చింది టీచరమ్మా. నల్లా వచ్చినప్పుడు పైపు ఉబ్బుతది. బందయినంక ఖాళీ అయితది, పక్కన ఏముంటే అది పీల్చుకుంటది. ఇన్ని దినాలు మనం ఏం తాగినమో తెల్సిందా? రంగు పోస్తే కనబడ్డది, గంతే."

గల్లీ అంతా తిరిగి తాగొద్దని చెప్పాడు. రాజేశం ఇంటికి ఇవతల ఉన్న ఇళ్ళకు తెల్ల నీళ్ళే వచ్చాయి, అవతల అందరికీ ఎర్రవి. కాబట్టి రోగం ఆ మూలనే ఉంది, గోడ కింద తవ్వి చూడాలి అన్నాడు. అప్పుడు చూడాలి మా వాళ్ళ తెలివి. గోడ కింద తవ్వితే ఆఫీసు వస్తుంది, గోడ ముందుకొచ్చిందని తెలుస్తుంది, ఒక్క గోడ కూలితే వరస అంతా కూలుతుంది. ఆ భయం మనసులో పెట్టుకుని నోటితో ఇంకోటి మాట్లాడారు.

"రంగు పోసింది నువ్వే, దొరికింది అనేది నువ్వే?" అన్నాడు గల్లీ పెద్ద.

"గందుకే పోసిన. ఎటు పోతుందో చూసెటందుకు."

"తాగే నీళ్ళల్ల రంగు కలుపుడు సర్వేనా?"

గంట గడిచేసరికి నల్లాలో ఎరుపు తగ్గింది. కొంచెంసేపటికి తెల్లగా వచ్చింది. మావాళ్ళు తరతరాలుగా రంగు మనుషులు. నూలు అద్దడానికి నీళ్ళు మంచివా కావా అని రంగు చూసి చెప్పేవాళ్ళు. తెల్లగా ఉంటే మంచి నీళ్ళు, అంతే వాళ్ళ శాస్త్రం. "రంగు పోయింది, నీళ్ళు సాఫ్ అయినయ్" అని బిందెలు నింపుకున్నారు. ఆయన ఒక్కొక్క బిందె దగ్గరా నిలబడి బతిమాలాడు. పోట్లాడే మనిషి బతిమాలడం నేను చూసింది ఆ రోజే.

పెద్దలు వెళ్ళి ఏజెన్సీకి ఫిర్యాదు ఇచ్చారు. ఆఫీసు నుంచి ఒక సాహెబు పాత నక్షా పట్టుకుని వచ్చాడు. దాంట్లో మోరీ ఎడమన, నల్లా కుడిన, రెంటికీ పొత్తే లేదు. మోరీ ఎప్పుడైనా జరిపారా అని అడిగాడు.

"లేదు సాబ్. మా తాతల కాలం నుంచి అన్నీ ఉన్నకాడనే ఉన్నయ్."

నేను ఊరుకోలేదు. జరిపారు, కొబ్బరికాయ కొట్టి మరీ జరిపారు అని చెప్పాను. బడి పోయినప్పటి నుంచి టీచరమ్మకు మనసు బాగుండటం లేదని ఎవరో మెల్లగా మరాఠీలో సాహెబు చెవిన వేశారు. సాహెబు నా వైపు జాలిగా చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మోరీ ఇంజనీరును పనిలోంచి తీసేశారు. మిగిలిన గల్లీలన్నీ పాత నక్షా ముందు పెట్టుకుని గదిలో కూర్చుని నింపేశారట. పసుపు నంబర్లు మా గల్లీ సగం దాకా వచ్చి రాజేశం ఇంటి ముందు స్తంభం మీద ఆగిపోయాయి. అవతల ఒక్క నంబరూ లేదు. ఆయన మాత్రం రావడం మానలేదు. పని లేదు, జీతం లేదు, అదే తెల్ల చొక్కా, అదే కొక్కెం. "రాజేశం, ఒక్కసారి తవ్వనియ్యి" అనేవాడు. రాజేశం మగ్గం చప్పుడులో వినబడనట్టు ఉండేవాడు. సుజాత తలుపు దగ్గరికి వేసేది. గల్లీలో ఆయన్ను చూస్తే ముఖం తిప్పుకోవడం అలవాటైంది అందరికీ.

వానలు మొదలయ్యాయి. మోరీలు నిండాయి. ఇంటింటా వాంతులు, విరేచనాలు. బయటి తిండి అన్నారు, గాలి మారిందన్నారు. సింధు ఆ రోజు నా దగ్గర రాస్తూ రాస్తూ కడుపులో నొప్పి అని లేచి వెళ్ళింది. సాయంత్రానికి నిలబడలేకపోయింది. దవాఖానాలో చేర్పించారు. మర్నాడు మధ్యాహ్నం పోయింది. ఇంతకంటే రాయడం నా వల్ల కాదు. ఆ పిల్ల పలక ఇంకా మా ఇంట్లోనే ఉంది.

పిల్ల పోతే గానీ ఆఫీసు కదల్లేదు. మా గల్లీ నీళ్ళు ముందు బంద్ చేయాలన్నారు. బంద్ చేయాలంటే వాల్వు తిప్పాలి. కాగితం ప్రకారం అది మూల మీద స్తంభం కింద ఉండాలి. రుబ్బురోలు దొరికింది అక్కడే. అంతకుముందు తవ్వి చూసినవాడి మాట వినేవాళ్ళు లేరు కాబట్టి మళ్ళీ తవ్వారు. ఇంకో మూల తవ్వారు. అవతల తవ్వారు. గల్లీ అంతా గుంతలు, వాల్వు లేదు. ఆఖరికి మోరీ ఇంజనీరును పిలిపించారు. ఇస్త్రీ చొక్కాతోనే వచ్చాడు.

"ఈ గల్లీ వాల్ నేను చూడలె సాబ్. చూసే లోపటనే నన్ను తీసేసిన్రు."

"అందాజే సాంగా" అన్నాడు సాహెబు. ఉజ్జాయింపుగా చెప్పండి అని.

"అందాజ మీ కాగితంలనే ఉంది కద సాబ్."

అది పొగరుతో అన్న మాట కాదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తెలిస్తే చెప్పేవాడు, తెలియదు. ఇంకొన్ని రోజులు తిరగనిచ్చి ఉంటే తెలిసేది. నీళ్ళు ఆపలేకపోయారు. మర్నాడు నల్లా రోజు. తాగొద్దని మైకులో చెప్పుకుంటూ ఆటో తిరుగుతోంది, మేమంతా వరసగా బిందెలు పెట్టి నింపుకుంటున్నాం. మళ్ళీ ఎన్ని రోజులకు వస్తాయో తెలియని నీళ్ళను ఎవరు వదులుకుంటారు?

కొన్నాళ్ళకు జబ్బులు తగ్గాయి. ఆఫీసువాళ్ళు గుంతలు పూడ్చి, బ్లీచింగ్ పొడి చల్లి వెళ్ళిపోయారు. రాజేశం ఇంట్లో చుట్టాలు కూడా ఎక్కడివాళ్ళక్కడ వెళ్ళాక, ఒక మధ్యాహ్నం మోరీ ఇంజనీరు మళ్ళీ వచ్చాడు. ఈసారి నన్ను కూడా రమ్మన్నాడు. పెద్దలను ముందే అడిగి వచ్చాడట. రాజేశం ఒప్పుకుంటే తమకేం అడ్డం లేదన్నారట. బరువంతా పిల్ల పోయిన తండ్రి నెత్తి మీద పెట్టి తప్పుకున్నారు పెద్దమనుషులు.

షెడ్డులో మగ్గాలు ఆగి ఉన్నాయి. రాజేశం మూల మగ్గం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. సుజాత గడపలో బీడీలు చేస్తోంది.

"రాజేశం, ఇప్పటికైనా తవ్వి చూద్దాం. ఇంకొకల పిల్ల పోవద్దు" అన్నాడు ఆయన.

"తవ్వుండ్రి కాకా" అంది సుజాత వెంటనే. "గోడ పోతే పోనీ. మగ్గం పోతే పోనీ."

రాజేశం తలెత్తలేదు. "వద్దు" అన్నాడు.

"ఎందుకు రాజేశం? ఎవలేమంటరు ఇప్పుడు?"

"ఎవలేం అనరు. ఆడ ఏమున్నదో నాకు తెల్సు."

"చెప్పకు, చూ..." అనబోయి ఆయన ఆగాడు.

రాజేశం మెల్లగా చెప్పాడు. "మోరీ తిప్పిన నాడు ఈ మూల జోడు నేనే కట్టిన కాకా. సిమెంట్ అయిపోయింది. పండుగ, దుకాణాలు బంద్. రెండు పైపులు కలిసిన కాడ మన మగ్గం కింది వేస్ట్ నూలు ముద్దలు ముద్దలు చుట్టిన, మీదికెల్లి డాంబర్ పూసిన. మనకు తెల్సింది నూలే కద. గట్టిగనే కట్టిన అనుకున్న. నీళ్ళు ఎర్రగొచ్చిన నాడే నాకు సమజైంది, నూలు కుళ్ళిందని. గోడ పోతదని చెప్పలె."

సుజాత చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఆమెకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. అది ఆమె ముఖం చూస్తే ఎవరికైనా తెలుస్తుంది.

"నువ్వు తవ్వుతవ్" అన్నాడు రాజేశం. "తవ్వితే నేను కట్టిన నూలు బయటికొస్తది. అది నేను చూడాలె. నా బిడ్డను బొందల పెట్టినప్పుడు చూసిన కాకా, నిలబడి చూసిన. ఇది మాత్రం చూడలేను."

మోరీ ఇంజనీరు కొక్కెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. జీవితమంతా ఊరి మీద పడి చూపెట్టు, చూపెట్టు అని ప్రాణం తీసిన మనిషి, ఆ మాట ఒక్కసారి గట్టిగా అంటే చాలు, ఆ రోజు పని అయిపోయేది. అంటాడని నేను ఎదురుచూశాను. అనమని మనసులో మొక్కుకున్నాను కూడా.

సుజాత చేట పక్కన పెట్టి లేచింది. వెళ్ళి భర్త పక్కన నేల మీద కూర్చుంది. మోరీ ఇంజనీరు వైపు చూడకుండా, "కాకా, మీరు పోండి" అంది.

ఆయన వెళ్ళాడు. గల్లీ మలుపు దాకా వెనకాలే పోయి, ఎందుకు వచ్చేశావన్నా, గట్టిగా అడగాల్సింది కదా అని నేను నిలదీశాను. "చూడు అని ఆనికి ఎట్ల చెప్పాలె టీచరమ్మా?" అన్నాడు. మళ్ళీ మా గల్లీకి రాలేదు. తర్వాత బీడీ కార్మికులకిచ్చే ఇళ్ళల్లో భార్య పేరు మీద కుంభారిలో ఒకటొస్తే అక్కడికి వెళ్ళిపోయారు. అక్కడ ఏ మూతా ఎత్తలేదట. రోజంతా కుర్చీలో కూర్చునేవాడట. ఆయన భార్య చెప్పింది.

ఆయన వెళ్ళాక నేను రెండుసార్లు ఆఫీసుకు పోయాను. కొత్త నక్షా కంప్యూటర్లో చూపించారు. చాలా అందంగా ఉంది. మా గల్లీ గీత గీసినట్టు తిన్నగా ఉంది. మోరీ ఎడమన, నల్లా కుడిన. రాజేశం ఇంటి మూల దగ్గర ఏమీ లేదు. తప్పు అని చెప్పాను. రాసివ్వమన్నారు, రాసిచ్చాను, తీసుకున్నారు.

కుంభారి నుంచి వచ్చిన మర్నాడు రాజేశం షెడ్డుకు వెళ్ళి, కాకా పోయాడని చెప్పాను. మగ్గం ఆపాడు. నూలు వైపు చూశాడు. "ఎప్పుడు?" అన్నాడు. చెప్పాను. బటన్ నొక్కి మళ్ళీ మగ్గం నడిపించాడు.

ఇవతలికి వచ్చేసరికి నల్లా వచ్చింది. సుజాత బిందెలు పెట్టింది. నీళ్ళు తెల్లగా ఉన్నాయి. నేను కూడా వెళ్ళి మా బిందె పెట్టాను.